బేసల్ గ్యాంగ్లియాను గీసి నేర్చుకోవడం ఎలా

మెదడు కదలికలను ఎలా నియంత్రిస్తుందో చదివే విద్యార్థులు దాదాపు అందరూ ఏదో ఒక దశలో, మెదడు లోతున ఉండే నాడీకణాల ముద్దల (కేంద్రకాల) సముదాయమైన బేసల్ గ్యాంగ్లియా చిత్రం దగ్గర ఆగిపోతారు. అరడజను పేర్లు, వాటి మధ్య డజను బాణాలు, ఒక్కో బాణం పక్కన ప్లస్సో మైనస్సో కనిపిస్తాయి. పరీక్ష ముందురోజు రాత్రి వాటిని కంఠస్థం చేయడం, పరీక్ష హాలు దాటగానే మరచిపోవడం మామూలైపోయింది. ఇందులో విద్యార్థుల తప్పు తక్కువ. పూర్తయిన చిత్రాన్ని ముందే ఎదుట పెట్టి దాన్ని వివరించబూనడంలోనే లోపముంది. ఆ చిత్రంలోని బాణాలన్నీ ఒకే కాలంలో, ఒకే తీరుగా పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి తప్ప, వాటిలో ఏది ఎల్లవేళలా చురుగ్గా ఉంటుందో, ఏది అవసరం వచ్చినప్పుడు మాత్రమే పలుకుతుందో తెలియదు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతికి ఒక ఖాళీ కాగితం, ఒక నల్ల పెన్సిలు, ఒక ఎర్ర పెన్సిలు చాలు. ముందు భాగాలను వాటి స్థానాల్లో గీయాలి, తర్వాత శరీరం కదలకుండా ఉన్నప్పుడు ఏ భాగం ఏం చేస్తోందో రాసుకోవాలి, ఆ తర్వాతే బాణాలు వేయాలి. ఈ వరుస తప్పితే పద్ధతి మొత్తం పనికిరాకుండా పోతుంది. ముఖ్యంగా రెండో మెట్టును చాలామంది దాటేస్తారు, అసలు కిటుకంతా దానిలోనే ఉంది.

ముందు స్థానాలు

కాగితం ఎడమ అంచున నిలువుగా ఒక సన్నని గీత గీయండి. అది మెదడు మధ్యరేఖ. మెదడును ఒక చెవి నుంచి మరో చెవి దాకా నిలువుగా కోస్తే కనిపించే ముఖంలో ఒక సగాన్ని మాత్రమే మనం గీస్తున్నాం. మధ్యరేఖను ఆనుకుని కాగితం నడిమి భాగంలో సన్నటి చీలికగా, ద్రవం నిండిన గది అయిన మూడో వెంట్రికల్‌ను, దానికి పైన కాస్త పక్కగా పార్శ్వ వెంట్రికల్‌ను వేయండి. మూడో వెంట్రికల్ పక్కనే గుడ్డు ఆకారంలో, మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు సంకేతాలు అందించే థాలమస్ వస్తుంది. పార్శ్వ వెంట్రికల్ బయటి గోడలో చిన్న గుండ్రని ముద్దగా కాడేట్ కేంద్రకం వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన గీత వేయాలి. కాగితం పైభాగాన బయటి వైపు నుంచి మొదలుపెట్టి, కిందికీ మధ్యరేఖ వైపుకూ వాలుగా దిగే ఒక వెడల్పాటి పట్టీని గీయండి. ఇది ఇంటర్నల్ క్యాప్సూల్, అంటే కార్టెక్స్ నుంచి వెన్నుపాముకు దిగే తంతువులతో పాటు థాలమస్‌కూ కార్టెక్స్‌కూ మధ్య నడిచే తంతువులన్నీ కిక్కిరిసి ప్రయాణించే తెల్లటి మార్గం. కాడేట్, థాలమస్ ఈ పట్టీకి లోపలి వైపున మిగిలిపోవాలి. బయటి వైపున మొన మధ్యరేఖకు చూస్తున్న త్రికోణాన్ని గీయండి. దాన్ని లెంటిఫార్మ్ కేంద్రకం అంటారు. ఈ త్రికోణాన్ని రెండు నిలువు గీతలతో మూడు ముక్కలు చేస్తే, అన్నిటికన్నా బయట ఉన్న పెద్ద ముక్క పుటామెన్, నడిమి ముక్క బాహ్య గ్లోబస్ పాలిడస్, మొన దగ్గరున్నది అంతర గ్లోబస్ పాలిడస్ అవుతాయి. ఇకపై చివరి రెంటినీ బాహ్య పాలిడం, అంతర పాలిడం అని క్లుప్తంగా పిలుద్దాం.

ఇంకా రెండు మిగిలాయి. థాలమస్‌కు అడుగున, ఇంటర్నల్ క్యాప్సూల్ లోపలి అంచును ఆనుకుని, కటకం ఆకారంలో సబ్‌థాలమిక్ కేంద్రకాన్ని వేయండి. దాని పొడవు ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఫ్రెంచి వైద్యుడు జూల్ బెర్నార్ లూయీ దీన్ని 1865లో వర్ణించాడు. ఇంత చిన్న ముద్ద దెబ్బతింటే ఎంత తీవ్రమైన కదలికలు పుడతాయో ముందుముందు చూస్తాం. దానికీ కిందుగా, మధ్యమెదడులోకి దిగి, సబ్‌స్టాన్షియా నైగ్రా ఉంటుంది. న్యూరోమెలనిన్ అనే వర్ణకం వల్ల, పెద్దవారి మెదడును అడ్డంగా కోసినప్పుడు ఇది కంటికే నల్లటి చారగా కనిపిస్తుంది. పార్కిన్సన్స్ వ్యాధితో మరణించినవారి మెదడులో ఆ నలుపు వెలిసిపోయి ఉంటుంది. అందుకే ఈ వ్యాధికీ ఈ భాగానికీ ఉన్న సంబంధాన్ని 1919లోనే కాన్‌స్టాంటిన్ ట్రెటియకాఫ్ తన పరిశోధనా గ్రంథంలో నిలబెట్టగలిగాడు. ఈ నైగ్రాను రెండుగా విభజించి పేర్లు రాయండి: కణాలు దట్టంగా ఉండి డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కాంపాక్టా, కణాలు పలచగా ఉండి గాబా అనే మరో రసాయనాన్ని విడుదల చేసే రెటిక్యులాటా.

పేర్ల గజిబిజి తీర్చుకోవడం

ఈ పేర్లు తికమక పెట్టడానికి కారణం, కంటికి దగ్గరగా కనిపించేవి ఒకలా, పనిలో కలిసి ఉండేవి మరోలా జతపడటమే. పుటామెన్, పాలిడం ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నందువల్ల లెంటిఫార్మ్ అనే ఉమ్మడి పేరు వచ్చింది. పనిలో మాత్రం పుటామెన్‌కు తోడు కాడేట్. ఈ రెండూ గర్భస్థ దశలో ఒకే కణరాశి నుంచి పుట్టాయి. పెరుగుతున్న ఇంటర్నల్ క్యాప్సూల్ తంతువులు ఆ రాశిని చీల్చుకుంటూ పోయాయి. పెద్దవారి మెదడులో కూడా ఆ తంతువుల నడుమ రెంటినీ కలిపే బూడిదరంగు వంతెనలు చారలుగా మిగిలే ఉంటాయి, ముందు భాగాన అడుగున న్యూక్లియస్ అకంబెన్స్ దగ్గర అవి నేరుగా కలిసిపోతాయి. ఈ మొత్తాన్ని స్ట్రయేటం అంటాం. అదే విధంగా అంతర పాలిడం, నైగ్రా రెటిక్యులాటా కూడా ఇంటర్నల్ క్యాప్సూల్ వల్ల విడిపోయిన జంటేనని భావించవచ్చు. మొదటిది ఎక్కువగా కాళ్లూ చేతుల కదలికలకు, రెండోది ఎక్కువగా కళ్లు, తల కదలికలకు సంబంధించినది. బాణాల లెక్కలో మాత్రం రెండూ ఒక్కటే.

కాబట్టి మీ కాగితం మీద స్ట్రయేటం అంతటికీ ఒకే రంగు పూయండి, అంతర పాలిడానికీ రెటిక్యులాటాకూ మరో రంగు పూయండి. అక్కడితో పేర్ల బెడద చాలావరకు తీరిపోతుంది. సమాచారం స్ట్రయేటంలోకి వస్తుంది, అంతర పాలిడం నుంచీ రెటిక్యులాటా నుంచీ బయటికి పోతుంది. మిగిలినవన్నీ మధ్యలోవి.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక అవసరం. కాడేట్ నిజానికి గుండ్రని ముద్ద కాదు, పార్శ్వ వెంట్రికల్‌ను అనుసరిస్తూ వంపు తిరిగి, తోకభాగం టెంపొరల్ లోబ్ దాకా సాగిన నిర్మాణం. అందుకే వెనుక భాగంలో తీసిన కోతలో ఒకే వైపున కాడేట్ రెండుచోట్ల, పైన ఒకసారి, కింద ఒకసారి కనిపిస్తుంది. కోతను చూసి కంగారుపడేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు.

కదలిక లేనప్పుడు ఎవరేం చేస్తున్నారు

ఇక అసలు మెట్టుకు వచ్చాం. మనిషి నిశ్చలంగా కూర్చున్నాడనుకోండి. ఒక్కో భాగం పక్కన అది ఆ క్షణంలో ఎంత చురుగ్గా ఉందో రాయండి.

స్ట్రయేటంలోని ప్రధాన కణాలు, అంటే ముళ్లతో నిండిన శాఖలున్న మధ్యతరహా న్యూరాన్లు, దాదాపు మౌనంగా ఉంటాయి. ఎలుకల స్ట్రయేటంలో న్యూరాన్లలో 95 శాతం దాకా ఈ రకానివే. ఒక్కో కణం మీదికి కార్టెక్స్, థాలమస్‌ల నుంచి వేల సంఖ్యలో సంధులు (సైనాప్సులు) వచ్చి చేరుతున్నా, చాలా సంకేతాలు ఏకకాలంలో కలిసివస్తే తప్ప అది పలకదు. కాబట్టి స్ట్రయేటం పక్కన ‘మౌనం’ అని రాయండి. అంతర పాలిడం ఇందుకు పూర్తి విరుద్ధం. కోతుల్లో చేసిన నమోదుల్లో, జంతువు ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఈ కణాలు సెకనుకు సుమారు 60 నుంచి 80 సార్లు ప్రేరేపితమవుతూ ఉంటాయి. పైగా ఇవి విడుదల చేసేది గాబా, అంటే నిరోధక రసాయనం. దాని పక్కన ‘ఎడతెగని నిరోధం’ అని రాయండి. బాహ్య పాలిడం కూడా చురుకైనదే, అదీ గాబా కణాలతోనే నిండి ఉంటుంది. సబ్‌థాలమిక్ కేంద్రకం ఒక మోస్తరు చురుకుతో ఉంటుంది. అయితే ఈ మొత్తంలో అది ఒక్కటే గ్లుటమేట్ విడుదల చేసే, అంటే ఉత్తేజపరిచే కేంద్రకం. ఈ మినహాయింపును మరచిపోతే తర్వాతి లెక్కలన్నీ తలకిందులవుతాయి.

ఈ జాబితాను ఒకసారి చదవండి. బేసల్ గ్యాంగ్లియా నుంచి బయటికి వెళ్లే గొంతు ఎప్పుడూ ‘వద్దు’ అనే చెబుతోంది. థాలమస్ ఎప్పుడూ అణచివేతలోనే ఉంది. వాలులో ఆపిన బండికి బ్రేకు వేసి ఉంచినట్టు, విశ్రాంతి స్థితిలో ఇక్కడ నిరోధమే నియమం. కాబట్టి ఈ వలయం దృష్టిలో కదలిక అంటే కొత్తగా ఒక తోపు ఇవ్వడం కాదు, అప్పటిదాకా ఉన్న పట్టు ఒకచోట సడలడం. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే బాణాలు వాటంతటవే అర్థమవుతాయి. ఎక్కకపోతే ఎన్నిసార్లు గీసినా అవి బాణాలుగానే మిగిలిపోతాయి.

బాణాలు వేయడం, మైనస్‌లు లెక్కించడం

ఇప్పుడు పెన్సిళ్లు తీయండి. ఉత్తేజపరిచే బాణాలకు నలుపు, నిరోధించే బాణాలకు, అంటే మైనస్‌లకు, ఎరుపు వాడండి.

మొదటిది ప్రత్యక్ష మార్గం. కార్టెక్స్ నుంచి స్ట్రయేటానికి నల్ల బాణం, స్ట్రయేటం నుంచి అంతర పాలిడానికి ఎర్ర బాణం, అంతర పాలిడం నుంచి థాలమస్‌కు ఎర్ర బాణం, థాలమస్ నుంచి తిరిగి కార్టెక్స్‌కు నల్ల బాణం వేయండి. ఎరుపులు ఎన్నో లెక్కించండి: రెండు. సరి సంఖ్య వస్తే ఫలితం కదలికకు అనుకూలం. దీన్ని మాటల్లో చెప్పుకుంటే, కార్టెక్స్ పిలుపుతో మౌనంగా ఉన్న స్ట్రయేటం కణాలు ఒక్కసారిగా పలుకుతాయి, ఎడతెగకుండా నిరోధిస్తున్న అంతర పాలిడం కణాలను అవి కొద్దిసేపు ఆపుతాయి, ఆ విరామంలో థాలమస్ కార్టెక్స్‌ను ఉత్తేజపరుస్తుంది. అంతర పాలిడం ముందునుంచీ పనిచేస్తూ ఉండకపోతే దాన్ని ఆపడంలో అర్థమే ఉండదని గమనించండి. విశ్రాంతి స్థితిని ముందుగా రాయమన్నది ఇందుకే.

రెండోది పరోక్ష మార్గం. కార్టెక్స్ నుంచి స్ట్రయేటానికి నలుపు, స్ట్రయేటం నుంచి బాహ్య పాలిడానికి ఎరుపు, అక్కడి నుంచి సబ్‌థాలమిక్ కేంద్రకానికి ఎరుపు, సబ్‌థాలమిక్ నుంచి అంతర పాలిడానికి నలుపు, అంతర పాలిడం నుంచి థాలమస్‌కు ఎరుపు, చివరగా కార్టెక్స్‌కు నలుపు. ఎరుపులు మూడు, బేసి సంఖ్య, కాబట్టి ఫలితం కదలికకు ప్రతికూలం. ఇక్కడ చాలామంది పొరబడేది మూడో బాణం దగ్గర. బాహ్య పాలిడం మామూలుగా సబ్‌థాలమిక్ కేంద్రకాన్ని అదుపులో ఉంచుతుంది. స్ట్రయేటం ఆ అదుపును తీసివేసినప్పుడు సబ్‌థాలమిక్ విజృంభించి అంతర పాలిడాన్ని మరింత రెచ్చగొడుతుంది, థాలమస్ మీద నిరోధం మరింత బిగుస్తుంది.

మూడోది అతిప్రత్యక్ష మార్గం, పొట్టిది. కార్టెక్స్ నుంచి స్ట్రయేటాన్ని తాకకుండా నేరుగా సబ్‌థాలమిక్‌కు, అక్కడి నుంచి అంతర పాలిడానికి, తర్వాత థాలమస్‌కు. ఎరుపు ఒక్కటే. మూడింటిలో ఇదే అన్నిటికన్నా వేగంగా అంతర పాలిడాన్ని చేరుతుంది. మొదలవబోతున్న పనిని చివరి క్షణంలో ఆపుకోవడంలో దీనికి పాత్ర ఉందని భావిస్తున్నారు.

డోపమైన్‌ను చివర్లోనే చేర్చండి

డోపమైన్‌ను మొదట్లోనే చిత్రంలోకి తెస్తే గందరగోళం తప్పదు, ఎందుకంటే అది మిగతా బాణాల కోవలోది కాదు. సంకేతాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోవడం కన్నా, ఇతర సంకేతాలు ఎంత గట్టిగా వినిపించాలో నిర్ణయించడం దాని ప్రధానమైన పని. కాంపాక్టా నుంచి స్ట్రయేటానికి చుక్కల గీత వేసి, చివర్లో దాన్ని రెండుగా చీల్చండి. ప్రత్యక్ష మార్గంలోని స్ట్రయేటం కణాలపై డోపమైన్‌ను అందుకునే డి1 రకం గ్రాహకాలు ఉంటాయి, వాటి మీద డోపమైన్ ప్రభావం ప్రోత్సాహకరం. పరోక్ష మార్గంలోని కణాలపై డి2 గ్రాహకాలు ఉంటాయి, వాటి మీద దాని ప్రభావం అణచివేత. కదలికను పెంచే మార్గం బలపడుతుంది, తగ్గించే మార్గం బలహీనపడుతుంది, రెండు చోట్లా ఫలితం ఒకే దిశలో ఉంటుంది. విద్యార్థులు డి1, డి2 విరుద్ధమైనవని గుర్తుంచుకుని, అంతిమ ఫలితం కూడా విరుద్ధమే అనుకోవడం చాలా తరచుగా జరిగే పొరపాటు. డి2 గీతను పట్టుకుని చివరిదాకా నడిచి చూస్తే సందేహం తీరుతుంది.

జబ్బులతో చిత్రాన్ని పరీక్షించడం

గీసిన చిత్రం సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక భాగాన్ని వేలితో మూసి, ఫలితం ఊహించండి.

మొదట సబ్‌థాలమిక్ కేంద్రకాన్ని మూయండి. అంతర పాలిడాన్ని ఉత్తేజపరిచేది పోయింది, నిరోధం తగ్గింది, థాలమస్ స్వేచ్ఛగా ఉంది. చిత్రం ప్రకారం అవసరం లేని కదలికలు రావాలి. నిజంగానే వస్తాయి. ఒక వైపు చేయీ కాలూ భుజం మూలం నుంచీ తుంటి మూలం నుంచీ విసిరేసినట్టు కొట్టుకునే హెమీబాలిస్మస్ అనే స్థితి సాధారణంగా ఇక్కడ వచ్చే చిన్న స్ట్రోక్ వల్ల పుడుతుంది. దెబ్బ ఎడమ వైపు తగిలితే కుడి వైపు అవయవాలు ఎగురుతాయి. బేసల్ గ్యాంగ్లియా తన వైపు థాలమస్ ద్వారా తన వైపు కార్టెక్స్‌నే ప్రభావితం చేస్తుంది. అయితే ఆ కార్టెక్స్ నుంచి వెన్నుపాముకు దిగే తంతువులు మెదడు కాండం అడుగున ఉన్న మెడుల్లాలో దాటి అవతలి వైపుకు పోతాయి. అందువల్ల వ్యతిరేక పార్శ్వం. ఈ దాటడాన్ని కూడా కాగితం అడుగున ఒక గీతతో గుర్తించుకోవడం మంచిది.

తర్వాత కాంపాక్టాను మూయండి. ప్రత్యక్ష మార్గం డీలాపడుతుంది, పరోక్ష మార్గం విజృంభిస్తుంది, రెండూ కలిసి అంతర పాలిడాన్ని అతిచురుకుగా చేస్తాయి. కదలిక నెమ్మదించడం, మొదలుపెట్టలేకపోవడం, బిగుసుకుపోవడం పార్కిన్సన్స్ వ్యాధి లక్షణాలు. జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వర్ణించాడు. 1960లో ఎరింగర్, హోర్నికివిచ్ ఈ రోగుల స్ట్రయేటంలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించారు. మరుసటి ఏడాది బిర్క్‌మయర్, హోర్నికివిచ్ మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా అనే మందును నరంలోకి ఎక్కించి ఫలితం చూశారు. 1967లో కోట్జియాస్ నోటి ద్వారా క్రమంగా మోతాదు పెంచుతూ ఇచ్చే పద్ధతిని నిలబెట్టాడు. మీ చిత్రం ఇంకో ఊహ కూడా చేస్తుంది: అతిచురుకైన అంతర పాలిడాన్ని శాంతింపజేయాలంటే దాన్ని రెచ్చగొట్టే సబ్‌థాలమిక్‌ను నిశ్శబ్దం చేస్తే చాలు. 1990లో బెర్గ్‌మన్, విఖ్‌మన్, డిలాంగ్ పార్కిన్సన్స్ లక్షణాలు కలిగించిన కోతుల్లో సరిగ్గా ఇదే చేసి, కదలికలు మెరుగుపడటం చూశారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనబీద్ బృందం 1993లో రోగుల సబ్‌థాలమిక్ కేంద్రకంలో ఎలక్ట్రోడ్లు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇవ్వడం మొదలుపెట్టింది. కాగితం మీద వేసిన మైనస్‌ల లెక్క శస్త్రచికిత్స దాకా వెళ్లిన అరుదైన సందర్భం ఇది.

మూడోది కొంచెం కష్టం. హంటింగ్‌టన్స్ వ్యాధి తొలి దశలో స్ట్రయేటం నుంచి బాహ్య పాలిడానికి పోయే కణాలు ముందుగా నశిస్తాయి. ఆ ఒక్క ఎర్ర బాణాన్ని చెరిపి మిగతాది నడిచి చూడండి. బాహ్య పాలిడం మీద అదుపు పోయింది, అది సబ్‌థాలమిక్‌ను ఎక్కువగా అణచివేస్తుంది, అంతర పాలిడం బలహీనపడుతుంది, థాలమస్ సడలుతుంది. ఫలితం కొరియా, అంటే శరీరంలో ఒకచోటి నుంచి మరోచోటికి దొర్లే అనుకోని కదలికలు. వ్యాధి ముదిరి, ప్రత్యక్ష మార్గం కణాలు కూడా పోయాక అదే రోగి బిగుసుకుపోయి నెమ్మదించడం చూస్తాం. ఆ దశను కూడా చిత్రంలో రెండో బాణాన్ని చెరిపి మీరే రాబట్టవచ్చు. హంటింగ్‌టన్ ఈ వ్యాధిని 1872లో వర్ణించగా, 4వ క్రోమోజోము మీది జన్యువును 1993లో గుర్తించారు. అందులో సి, ఏ, జి అనే మూడక్షరాల వరుస 40 సార్లకు మించి పునరావృతమైనవారికి సాధారణ ఆయుష్షు ఉంటే వ్యాధి వచ్చి తీరుతుంది.

మందులతో కూడా ఇదే అభ్యాసం చేయవచ్చు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్ డి2 గ్రాహకాలను అడ్డుకుంటాయి. డి2 అడ్డుకుంటే పరోక్ష మార్గానికి ఏమవుతుందో గీసి చూడండి, ఆ మందులు వాడేవారిలో కొందరికి పార్కిన్సన్స్ వంటి లక్షణాలు ఎందుకు వస్తాయో తెలుస్తుంది.

రోగి దగ్గర ఏం చూడాలి

చిత్రం చదివినవారు రోగిని చూసేటప్పుడు ముందు గమనించవలసింది ఒక లేమి. బేసల్ గ్యాంగ్లియా దెబ్బతింటే బలం పోదు. రోగి చేయి నెమ్మదిగా కదలవచ్చు, బిగుసుకుపోవచ్చు, అదుపు లేకుండా ఎగరవచ్చు, కానీ కండరబలం పరీక్షిస్తే అది దాదాపు నిలిచే ఉంటుంది. పుటామెన్‌లో రక్తస్రావం జరిగిన రోగికి ఒక పక్క చచ్చుబడిపోతే, దానికి కారణం పుటామెన్ కాదు, పక్కనే ఉన్న ఇంటర్నల్ క్యాప్సూల్ నలిగిపోవడం. కాగితం మీద ఆ వాలు పట్టీని అన్నిటికన్నా ముఖ్యమైన గీత అన్నది ఇందుకోసమే.

వేళ్లు తట్టే పరీక్ష చాలా విషయాలు బయటపెడుతుంది. చూపుడువేలిని, బొటనవేలిని వీలైనంత దూరంగా తెరుస్తూ వీలైనంత వేగంగా పదిసార్లు కలపమని చెప్పండి, ఒక్కో చేతినీ విడిగా చూడండి. మొదటి రెండు మూడు తట్టులు మామూలుగానే ఉండవచ్చు, కాబట్టి వాటిని చూసి ఆగిపోకూడదు. ఐదో ఆరో తట్టుకు వేళ్ల మధ్య ఎడం తగ్గడం మొదలవుతుంది, మధ్యలో ఒకచోట వేళ్లు అతుక్కున్నట్టు క్షణం నిలిచిపోతాయి, చివరికి వేళ్లు కదులుతున్నాయో లేదో తెలియనంత చిన్న కదలికలు మిగులుతాయి. కేవలం నెమ్మదిగా ఉండటం కాదు, పోనుపోను కుంచించుకుపోవడం ఇక్కడి ఆనవాలు. నీరసంగా ఉన్నవారు, ముసలివారు కూడా నెమ్మదిగానే తడతారు, కానీ వారి ఎడం మొదటి నుంచి చివరి దాకా సాధారణంగా ఒకేలా ఉంటుంది.

బిగుతును పరీక్షించేటప్పుడు రోగి మణికట్టును మెల్లగా తిప్పుతూ, రెండో చేతి పిడికిలిని తెరవమనీ మూయమనీ చెప్పండి. దాగి ఉన్న బిగుతు అప్పుడు స్పష్టంగా చేతికి తగులుతుంది. వణుకును చేతులు ఒడిలో ఊరికే పెట్టుకున్నప్పుడు చూడాలి. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉండి, చేయి ఏదైనా పని మొదలుపెట్టగానే తగ్గుతుంది. కొరియా అనుమానం ఉంటే నాలుక బయటికి చాచి ఉంచమనండి, చాలామంది రోగులు దాన్ని అలాగే నిలపలేక లోపలికి లాక్కుంటారు.

చిత్రం ఎక్కడ సరిపోదు

ఆల్బిన్, యంగ్, పెన్నీ 1989లోనూ, డిలాంగ్ 1990లోనూ రూపుదిద్దిన ఈ నమూనా గొప్ప పనిముట్టు. అంతకన్నా ఎక్కువగా దాన్ని నమ్మకూడదు. పార్కిన్సన్స్ రోగి చేతి వణుకును మైనస్‌ల లెక్కతో రాబట్టడానికి ప్రయత్నించి చూడండి, రాదు. ఇంకా ఇబ్బందికరమైన సంగతి మరొకటుంది. అంతర పాలిడాన్ని శస్త్రచికిత్సతో కొంత నాశనం చేస్తే థాలమస్ సడలి, అదుపులేని కదలికలు రావాలి. కానీ ఆచరణలో ఆ చికిత్స లెవోడోపా వల్ల వచ్చే అదుపులేని కదలికలనే తగ్గిస్తుంది. మార్స్‌డెన్, ఒబెసో 1994లో ఈ వైరుధ్యాన్ని సూటిగా ఎత్తిచూపారు. అంతర పాలిడం ఎంత వేగంగా ప్రేరేపితమవుతోందన్నది ఒక్కటే లెక్క కాదనీ, ఏ లయలో, ఎన్ని కణాలు కలిసికట్టుగా ప్రేరేపితమవుతున్నాయన్నది కూడా ముఖ్యమనీ ఇప్పుడు చాలామంది అంగీకరిస్తున్నారు. మందు తీసుకోని పార్కిన్సన్స్ రోగుల సబ్‌థాలమిక్ కేంద్రకంలో సెకనుకు 13 నుంచి 30 ఆవృత్తుల మధ్య బీటా లయ అతిగా కనిపించడం, మందుతోనూ ప్రేరణతోనూ అది తగ్గడం ఈ దృష్టికి బలం చేకూర్చాయి.

ప్రత్యక్ష మార్గం కదిలిస్తుంది, పరోక్ష మార్గం ఆపుతుంది అనే మాటను కూడా వంతులవారీ పనిగా అర్థం చేసుకోకూడదు. 2013లో ఎలుకల్లో జరిగిన పరిశీలనలో, జంతువు ఒక కదలిక మొదలుపెట్టేటప్పుడు రెండు మార్గాల కణాలూ కలిసే చురుగ్గా మారినట్టు తేలింది. కావలసిన కదలికకు దారి వదిలి, దానితో పోటీపడే కదలికలను అదే క్షణంలో అణచడమే ఈ వలయం పని అనే ఎంపిక సిద్ధాంతంతో ఇది చక్కగా పొసగుతుంది. కాబట్టి చిత్రంలో ఒకే థాలమస్, ఒకే కార్టెక్స్ గీసినా, మనసులో మాత్రం వాటిని అనేక సన్నని సమాంతర దారులుగా ఊహించుకోవాలి. అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ 1986లో కదలికలకు, కంటిచూపు మళ్లింపుకు, ఆలోచనకు, భావోద్వేగాలకు సంబంధించిన వేర్వేరు వలయాలను వివరించారు. పార్కిన్సన్స్ రోగిలో ఉత్సాహలేమి, ఆలోచనల్లో మందకొడితనం ఎందుకు కనిపిస్తాయో చూడటానికి ఆ వివరణ ఒక దారి చూపుతుంది.

అభ్యాసానికి చివరగా ఒక కేసు తీసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి బతికిన వ్యక్తి స్కాన్‌లో రెండు వైపులా పాలిడం దెబ్బతిన్నట్టు కనిపించింది. ముందు చిత్రంతో లెక్క వేసి మీ ఊహను కాగితం మీద రాయండి. అంతర పాలిడం పోయింది కాబట్టి అతికదలికలు వస్తాయని లెక్క చెబుతుంది. అలాంటి రోగులను నిజంగా పరీక్షించినప్పుడు తరచుగా కనిపించేది దానికి విరుద్ధంగా నెమ్మదితనం, బిగుతు, చిన్న అడుగుల నడక, కొన్నిసార్లు డిస్టోనియా, అంటే కండరాలు బిగిసి అవయవాలు మెలితిరగడం; అదీ ఒక్కోసారి వారాల తర్వాత మొదలవుతుంది. ఇప్పుడు లెక్క ఎక్కడ తేడా కొట్టిందో వెతకండి: పాలిడం రెండు భాగాలూ ఒకేసారి పోతే బాహ్య పాలిడం లెక్క ఏమైంది, చుట్టూ ఉన్న తెల్లపదార్థం తంతువులు కూడా దెబ్బతిన్నాయా, మిగిలిన కణాల లయ ఎలా మారి ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలకూ చిత్రం పక్కన స్థలం వదిలి, చదివిన కొద్దీ అక్కడ రాసుకుంటూ పోవాలి.